మంచు విన్న మాట

కెమెరా ఉంది. దాని తీగ ఉంది. తెర మీద బొమ్మ వేసే ప్రొజెక్టరు ఉంది. లేనిదల్లా క్యాసెట్ ఒక్కటే.

పుణ్యవతి వీడియో కెమెరా మూత తెరిచి, ఖాళీ అరలోకి చూసి, మళ్ళీ మూసింది.

"ఇంత ఖరీదైన కెమెరా వదిలేసి, గుప్పిట్లో పట్టే క్యాసెట్ ఎత్తుకెళ్ళే దొంగని మీరెప్పుడైనా చూశారా ఇన్‌స్పెక్టర్ గారూ?"

తలుపుకి ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ నర్సింహ విసుగ్గా టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"దొంగ ఉన్నడని ఎవరన్నరు మేడమ్? గా పిలగాడు మెట్ల మీద కాలు జారిండు, పడ్డడు, తలకు దెబ్బ తాకింది. గంతే. క్యాసెట్ యాడనో పెట్టి మర్చిపోయి ఉంటడు."

ఆ పిలగాడి పేరు అవినాష్. హైటెక్ సిటీ దగ్గర కొత్తగా లేచిన ఈ అద్దాల భవనంలో, ఓడలకి దారి చూపే మ్యాపుల సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో ప్రోగ్రామర్. అంటార్కిటికా మంచు తీరానికి యాత్రికులను తీసుకెళ్ళే ఓ చిన్న ఓడలో ఆ సాఫ్ట్‌వేర్ అమర్చే పని పడి, జనవరిలో అతన్ని పంపారు. అర్జెంటీనా కొసన ఓడెక్కి, భూమి అంచుదాకా వెళ్ళి, ఫిబ్రవరి నెలాఖరుకి తిరిగొచ్చాడు. మొన్న సోమవారం సాయంత్రం ఈ ప్రివ్యూ గదిలోనే ఆఫీసు వాళ్ళందరికీ వీడియో చూపించాడు. మర్నాడు మధ్యాహ్నం, అందరూ భోజనాలకి దిగిన వేళ, మెట్ల మలుపు దగ్గర నెత్తుటి మడుగులో కనిపించాడు. ఇంతవరకూ కళ్ళు తెరవలేదు.

అతని భార్య రసజ్ఞ నిన్న పుణ్యవతిని వెతుక్కుంటూ వచ్చింది. పుణ్యవతిది తణుకు. పాతికేళ్ళు వేలిముద్రల విభాగంలో పనిచేసి, ముందుగానే విరమణ తీసుకుని, శేరిలింగంపల్లిలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. ఉద్యోగం వదిలినా భూతద్దం మాత్రం వదల్లేదు.

"దవాఖానలో ఒక కానిస్టేబుల్ని పెట్టమని నిన్ననే అడిగాను మిమ్మల్ని," అందామె.

"కాలు జారినోళ్ళందరికీ కానిస్టేబుల్ని పెడితే ఇగ ఠాణాల ఎవరుంటరు?"

పుణ్యవతి చూపు మళ్ళీ ఎదురుగోడ మీదికి పోయింది. గదిలోకి వచ్చినప్పటి నుంచీ అదే వరస. పని మీద మనసు పెడదామనుకుంటుంది, కళ్ళు మాట వినవు.

అవినాష్ ఓడ మీద నుంచి తీసిన ఫొటో ఒకటి గోడలో సగం నిండేలా పెద్దది చేయించి తగిలించారక్కడ. నల్లని నీళ్ళు. అల లేదు, ముడత లేదు. వాటిలోంచి నిటారుగా లేచిన మంచుకొండ. మంచంటే తెలుపనుకుంటాం. పైన మాత్రమే తెలుపది. పగుళ్ళలోకి దిగేకొద్దీ నీలం. నెమలి మెడ మీది నీలం, అంతకన్నా లోపల పేరు పెట్టలేని నీలం, ఎవరో లోపల దీపం వెలిగించి మరిచిపోయినట్టు. కొండ పాదం దగ్గర రబ్బరు పడవ, అందులో ఎర్రకోట్లు తొడుక్కున్న మనుషులు. ఆరేడు కుంకుమ చుక్కలు. అంతే వాళ్ళు.

చూస్తుంటే ఊపిరి మెల్లగా తీసుకోవాలనిపించింది ఆమెకి, గట్టిగా వదిలితే అది కదులుతుందేమోనన్నట్టు.

నర్సింహ కూడా అటే చూస్తున్నాడు. "చార్మినార్ దెచ్చి పక్కన పెడితే సంటిపిల్ల లెక్కుంటది," అన్నాడు, గొంతు తగ్గించి. వెంటనే తను పోలీసునని గుర్తొచ్చినట్టు టోపీ పెట్టుకున్నాడు.

పుణ్యవతి చీర కుచ్చెళ్ళు దోపుకుని నేల మీద కూర్చుంది. తెర కింద జానెడు ఎత్తున చెక్క వేదిక ఉంది. టార్చి వెలుగులో దాని కింద ఏదో మెరిసింది. స్కేలుతో లాగితే కళ్ళజోడు బయటికొచ్చింది. సీసా అడుగంత మందం అద్దాలు. ఒక కాడ వంకర పోయింది.

"అవినాష్‌ది. ఇది లేకపోతే ఎదురుగా కూర్చున్న మనిషి మొహం కూడా ఆనదట అతనికి. రసజ్ఞ చెప్పింది. అలాంటివాడు దీన్ని ఇక్కడ వదిలేసి మెట్లదాకా ఎందుకెళ్ళాడండి?"

"తీసి పక్కన పెట్టిండేమో."

"వేదిక కిందా? కాడ వంచి మరీనా?" ఆమె చేతిరుమాలుతో పట్టుకుని వెలుతురుకి ఎత్తింది. "అద్దం మధ్యలో బొటనవేలి ముద్ర చూడండి. కళ్ళజోడు వాడేవాడు పొరపాటున కూడా అద్దం మీద బొటనవేలు పెట్టడు. ఎవరో అతని మొహం మీద చెయ్యేసి తోశారు. క్యాసెట్ లాక్కుని పారిపోయారు. ఇతను చూపు ఆనకపోయినా వెంటపడ్డాడు. మెట్ల దగ్గర మళ్ళీ తోశారు."

"కోర్టుల అద్దాలు సాక్ష్యం చెప్తయా మేడమ్?"

"పాతికేళ్ళు వేళ్ళు చెప్పాయండి. అద్దాలు మాత్రం చెప్పవా?"

నర్సింహ కళ్ళజోడు వైపు వంగాడు. ఆమె అప్పటికే లేచి భూతద్దంతో ఫొటో దగ్గరికెళ్ళింది. పడవలో ఎర్రకోట్లను ఒక్కొక్కటే చూసింది. అందరూ కెమెరాలు ఎత్తి పట్టుకున్నారు. చివర కూర్చున్నవాడి చేతుల్లో మాత్రం కెమెరా లేదు. కోటు టోపీ మొహాన్ని కప్పేసింది. రెండు చేతులూ నెత్తి మీదికెత్తి జోడించాడు.

"దండం పెడుతున్నాడు," అందామె మెల్లగా. "ఇది తీసింది అవినాష్. ఓడలో తనొక్కడే భారతీయుడని ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పాడు. మరి ఈయనెవరు?"

"తెల్లోళ్ళు గూడ ఇప్పుడు యోగా గీగా చేస్తున్నరు."

తలుపు తెరుచుకుంది. లోపలికొచ్చినవాడు సురేంద్ర, కంపెనీ యజమాని. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ నలగని చొక్కా. జమ్మలమడుగు నుంచి వచ్చి ఈ అద్దాల భవనంలో మొట్టమొదట ఆఫీసు తెరిచినవాళ్ళలో ఒకడు.

"మేడమ్, ఇంకెంత టైమ్ పడుతుంది? మధ్యాహ్నం క్లయింట్స్ వస్తా ఉన్నారు. ఈ రూమ్ కావాల."

"రెండు మాటలండి. అవినాష్ పడిపోయినప్పుడు మీరెక్కడున్నారు?"

"నా క్యాబిన్లో. ఫోన్ కాల్లో ఉన్నా."

"సోమవారం వీడియో మధ్యలో లేచి వెళ్ళిపోయారట?"

"ఎవరు చెప్పినారు?"

"అంటే వెళ్ళారన్నమాట."

సురేంద్ర నవ్వబోయాడు. నవ్వు పెదాల దాకా రాలేదు. "తలనొప్పి. చీకట్లో ఆ తెల్లది చూసి చూసి కండ్లు మండినాయి."

"ఏం చూపిస్తుండగా లేచారు?"

"గుర్తులేదు. పెంగ్విన్లు ఏందో."

"మర్నాడు అవినాష్ మీతో మాట్లాడాడా?"

"గుడ్ మార్నింగ్ చెప్పినాడు. అంతే."

"ఈ ఫొటోలో దండం పెడుతున్న మనిషెవరో మీకేమైనా తెలుసా?"

"నాకెట్లా తెలుస్తుంది మేడమ్?"

పుణ్యవతి భూతద్దం మడిచి సంచిలో వేసుకుంది. "ఈ గదిలోకి వచ్చినవాళ్ళెవరూ ఆ బొమ్మ చూడకుండా ఉండలేకపోతున్నారు సురేంద్ర గారూ. ఇన్‌స్పెక్టర్ గారు చార్మినార్‌ని తలుచుకున్నారు. నేను చూడ్డానికొచ్చిన పనే మర్చిపోయాను. మీరు మాత్రం వచ్చినప్పటి నుంచీ దానికి వీపు పెట్టి నిలబడ్డారు. ఆ మనిషెవరని అడిగితే, ఏ మనిషీ అని వెనక్కి తిరిగైనా చూడలేదు."

సురేంద్ర మెడ మీద చెమట పట్టింది.

"నాకు పని ఉంది," అని వెళ్ళిపోయాడు.

నర్సింహ మొహం ఎర్రబడింది. "గిదేంది మేడమ్? పెద్దమనిషిని పట్టుకొని గట్ల మాట్లాడుతరా? తండ్రి పోయినంక ఒక్కడే ఎంత కష్టపడి పైకొచ్చిండో మీకెర్కనా? బొమ్మ చూడకపోతే దొంగనా? ఇగ చాలు. గీ కేసు నాది. మీరు బయటికి నడువుండ్రి."

"బయటికి వెళతాను. కానీ నన్ను పెట్టుకున్న మనిషి వస్తోంది. ఆమెతో ఒక్క మాట మాట్లాడి వెళతాను."

రసజ్ఞ లోపలికొచ్చింది. దవాఖాన నుంచి నేరుగా వచ్చినట్టుంది. జడ కూడా వేసుకోలేదు. గోడ మీది ఫొటో చూసి అక్కడే ఆగిపోయింది.

"ఇదే ఆయన చెప్పింది," అంది. "ఓడ రెండు రోజులు తుఫాను సముద్రంలో దొర్లిందట. తిండి లేదు, నిద్ర లేదు, ఎందుకొచ్చానురా అని ఏడ్చారట. మూడోనాడు పొద్దున్న తలుపు తీస్తే ఈ కొండ. పక్కనే ఉన్న ముసలి దొరసాని ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చిందట. ఎవరికెవరో తెలీదు పుణ్యవతి గారూ. అయినా అందరూ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకున్నారట."

పుణ్యవతి ఆమెని కుర్చీలో కూర్చోబెట్టింది. "అమ్మా, మంగళవారం భోజనం కూడా మానేసి ఈ గదిలో ఏం చూడాలనుకున్నాడు మీ ఆయన? ముందురోజు అందరికీ చూపించిన వీడియోయే కదా?"

"గొంతు ఎవరిదో చూడాలన్నారు."

"గొంతా?"

రసజ్ఞ చేతిసంచిలోంచి వాక్‌మన్ తీసింది. "ఆయన నాకోసం ఒక క్యాసెట్ తెచ్చారు. ఊరంతా కట్టడాలు, లారీలు, నిద్ర పట్టడం లేదని నేను రోజూ గొడవపెట్టేదాన్ని. అందుకని, నీకోసం నిశ్శబ్దం తెచ్చానే అన్నారు. ఇంకోనాడు ఆయన ఎక్కిన పడవలో, ఆ మంచు మధ్య మోటారు ఆపేసి, ఎవరూ మాట్లాడొద్దు, కదలొద్దు అంటారట. అప్పుడు రికార్డు చేశారు. సోమవారం షో నుంచి ఇంటికొచ్చాక ఇద్దరం ఒక్కో చెవికి పెట్టుకుని విన్నాం. మధ్యలో ఎవరో తెలుగులో మాట్లాడారు."

నర్సింహ చివ్వున తలెత్తాడు.

"ఆయన అదిరిపోయారు. ఓడలో మన రంగు మనిషి ఇంకొకాయన ఉన్నాడట. పెద్దాయన. ట్రినిడాడ్ దీవి వాణ్ణి, మీ భాషలేవీ రావు అని ఇంగ్లీషులో చెప్పి తప్పుకు తిరిగేవాడట. ఆ పూట మా పడవలోనే ఉన్నాడు, ఆయనే అయి ఉంటాడు, వీడియోలో ఆ సమయానికి పెదాలు కదిలాయేమో చూస్తాను, ఇది రాయలసీమ యాస, మా సురేంద్ర గారిని అడిగితే ఏ ఊరిదో కూడా చెప్తారు అన్నారు."

"అడిగాడా?"

"పొద్దున్నే అడుగుతానని వెళ్ళారు."

పుణ్యవతి, నర్సింహ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుడ్ మార్నింగ్ ఒక్కటే చెప్పాడన్నాడు సురేంద్ర.

పుణ్యవతి వాక్‌మన్ చెవులకి పెట్టుకుని మీట నొక్కింది.

మొదట ఏమీ లేదు. క్యాసెట్ తిరగడం లేదేమో అనుకుంది. తిరుగుతోంది. ఆ తర్వాత, చాలా దూరం నుంచి, సన్నటి చిటపట. పొంగే సోడా గ్లాసు చెవి దగ్గర పెట్టినట్టు. కరిగే మంచుముక్కల్లోంచి, వేల ఏళ్ళ కిందట చిక్కుకున్న గాలి బుడగలు బుడగలుగా విడుదలవుతున్న చప్పుడట అది, రసజ్ఞ చెప్పింది. రాజులు లేనప్పటి గాలి, బహుశా తెలుగే లేనప్పటి గాలి, తన చెవిలో చిట్లుతోంది. పుణ్యవతికి ఒళ్ళు గగుర్పొడిచింది. ఎక్కడో పెద్ద నిట్టూర్పు వినిపించింది. నీళ్ళలోంచి తిమింగలం లేచి ఊపిరి వదిలింది. ఇంత పెద్ద ప్రాణి కూడా అంత మెల్లగా ఊపిరి వదలగలదా అనిపించింది. మళ్ళీ నిశ్శబ్దం. అది చప్పుడు లేకపోవడంలా లేదు. ఎవరో కూర్చుని వింటున్నట్టుంది.

అందులోంచి, గుసగుసగా, వణుకుతూ మగ గొంతు:

"సామీ... యాడ దాకా తోలుకొచ్చినావు సామీ నన్ను. ఇంత పెద్దదా నీ ఇల్లు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవడో తెలీదు. ఏ తప్పు చేసి, ఏ పేరు మార్చుకుని, అన్ని రోజులు నోరు కట్టేసుకున్నాడో తెలీదు. ఆ కొండ ముందు మాత్రం కట్టు తెగింది. అమ్మ నేర్పిన మాట బయటపడింది.

"ఇటియ్యుండ్రి," అన్నాడు నర్సింహ. చెవులకి పెట్టుకున్నాడు. మొహంలో ఇంకా వెటకారం పోలేదు. కాసేపటికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇంకాసేపటికి టోపీ తీసేశాడు. ఉన్నట్టుండి మీట నొక్కి, వెనక్కి తిప్పి, మళ్ళీ విన్నాడు. మళ్ళీ తిప్పాడు. వాక్‌మన్ మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"గీ గొంతు నాకెర్కే," అన్నాడు.

"ఎవరిది?"

"సచ్చినోనిది."

నర్సింహ ఫొటోలో దండం పెడుతున్న మనిషి వైపు తిరిగాడు.

"మూడేండ్ల కింద మియాపూర్ దిక్కు ఒక బిల్డింగ్ స్లాబు కూలింది. కూలోళ్ళు తొమ్మిది మంది సచ్చిపోయిన్రు. బోరబండ వీరేశం గండ్లనే పోయిండు. వాని పెండ్లాం యాదమ్మ ఇప్పటికీ ఠాణాకొచ్చి అడుగుతది, ఎవరికి శిక్ష పడ్డది సారూ అని. కాంట్రాక్టర్ చెన్నకేశవులు. నెల దినాలు పొద్దుమాపు ఎదురుంగ కూసోబెట్టి అడిగిన. ప్రతి మాటకు ముందట సామీ అంటడు. నిద్రల వినబడినా గుర్తువడతా. కోర్టుకు పోయే ముందట శంకర్‌పల్లి రోడ్డు మీద ఆయన కారు కాలిపోయింది. లోపల బొగ్గయిన మనిషి. చేతికి ఆయన ఉంగరం. కొడుకొచ్చి మా నాయనే అని తలకాయ కొట్టుకొని ఏడ్చిండు. కేసు బంద్ అయింది. సచ్చిండని రాసింది నేనే."

"ఆ కొడుకు..."

"గిప్పుడే బయటికి పోయిండు గద మేడమ్. సురేంద్ర."

పుణ్యవతికి ముక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. చీకట్లో తెర మీద చనిపోయిన తండ్రి మొహం చూసి కొడుకు లేచి వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే అవినాష్ అమాయకంగా వెళ్ళి, ఈ గొంతు మీ వైపుదేనా సార్ అని అడిగాడు.

బల్ల మీది ఫోన్ మోగింది. దవాఖానలో ఈ నంబరే ఇచ్చి వచ్చిన రసజ్ఞ తీసింది. దవాఖాన నర్సు. రసజ్ఞ విని, ఫోన్ చేత్తో మూసి, తెల్లబోయిన మొహంతో ఇటు తిరిగింది.

"ఆయన వేళ్ళు కదిలాయట. మా మావయ్య గారొచ్చి పక్కన కూర్చున్నారట, నన్ను కంగారు పడొద్దని చెప్పమన్నారట." రసజ్ఞ ఫోన్ పెట్టేసింది. "మా మావయ్య గారు పోయి ఆరేళ్ళయింది."

నర్సింహ అప్పటికే తలుపు దాటాడు. "మేడమ్, జల్ది!"

జీపు దవాఖాన వైపు దూసుకెళ్ళింది. ఒక్క కానిస్టేబుల్ని పెట్టి ఉంటే అని పుణ్యవతి అనలేదు. అనాల్సిన అవసరం లేదని అతని మొహం చూస్తేనే తెలుస్తోంది.

గది తలుపు నెట్టేసరికి మంచం పక్కన స్టూలు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. తెల్లటి గడ్డం. ఎండకీ గాలికీ తోలు ఊడిన మొహం. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, అవినాష్ ఊపిరి వైపే చూస్తున్నాడు. రసజ్ఞ పరుగెత్తుకెళ్ళి భర్త మొహం తడిమింది. ఊపిరి ఆడుతోంది. వేళ్ళు మెల్లగా ముడుచుకుంటున్నాయి.

"చెన్నకేశవులు," అన్నాడు నర్సింహ.

ముసలాయన లేచి నిలబడ్డాడు. పారిపోవాలని చూడలేదు. "నర్సింహ సారూ. మీకోసరమే వచ్చినా సామీ. ఈ పిల్లోడు కండ్లు తెరిస్తే చూసి, మీ కాడికే రావాలనుకొంటి."

"ఎవరు కొట్టారో తెలుసా మీకు?" పుణ్యవతి అడిగింది.

ఆయన తల వంచుకున్నాడు. "నిన్న దిగినా. నేరుగా ఇంటికి పోతి. లొంగిపోతానంటే మావాడు నా కాళ్ళ మీద పడినాడు. ఇంత చేసినా నీకోసరం, వొగన్ని మెట్ల మీద నుంచి తోసినా, ఇప్పుడొచ్చి అంతా చెడగొడతావా అన్నాడు. తెల్లార్లూ కూచున్నా. పొద్దున్నే ఈడికొచ్చినా."

"మూడేండ్లు దాక్కున్నోనివి. ఇప్పుడెందుకొచ్చినవ్?" నర్సింహ గొంతులో కోపం ఉంది. ఆ కోపం కింద ఇంకేదో కూడా ఉంది.

ముసలాయన మంచం కమ్మీ పట్టుకున్నాడు.

"బండలెగుమతి చేసే స్నేహితుని దగ్గర, అర్జెంటీనా పక్క దేశంలో బతికినా. ఊరికే ఆ ఓడెక్కినా. ఎవురూ తెలీని చోటు గదా అని. ఆడికి పోతే... ఎట్ల చెప్పేది సారూ. అంత కొండ. దాని ముందర నేను చీమ గూడా కాదు. నా పేరు దానికి అక్కర్లేదు, నా అబద్ధమూ అక్కర్లేదు. మోటారు ఆపినారు. ఆ సద్దు లేనితనంలో ఆ తొమ్మిది మంది పేర్లూ వినబడినాయి నాకు. ఒకటి తర్వాత ఒకటి. వీరేశం, వాడి తోడోళ్ళు... నాకు తెలీకుండానే నోరు పలికింది. ఇంగ ఆ పొద్దు నుంచి నిద్ర లేదు. ఆ తొమ్మిది మందికీ జవాబు చెప్పాల సారూ. నన్ను తీసుకపోండి."

నర్సింహ సంకెళ్ళు తియ్యలేదు. దగ్గరికెళ్ళి ఆయన మొహంలోకి చూశాడు.

"తొమ్మిది కాదు. పది," అన్నాడు. "నీ కారుల కాలినోడు ఎవడు?"

"ఎవుడేంది సారూ?"

"నీ ఉంగరం తొడిగి, నీ సీట్ల కూసోబెట్టి కాల్చిన మనిషి. నువ్వనుకొని నేను చావు రాసిన మనిషి. ఎవడు వాడు?"

ముసలాయన మొహంలో రంగు పోయింది. నటన కాదది. అన్ని వేల మొహాలు చదివిన పుణ్యవతికి ఆ మాత్రం తెలుసు.

"మడిసా?" అన్నాడాయన. "కాలబెట్టింది వట్టి కారు గదా సామీ. నేనే డోరు తీసి దిగినా. ఉంగరం ఇచ్చేసి పొమ్మంటే ఇచ్చినా. లోపల ఎవురూ లేరు. ఎవురూ లేరు సామీ."

"మీరు దిగి వెళ్ళిపోయాక, ఆ కారు దగ్గర మిగిలింది ఎవరు?" అడిగింది పుణ్యవతి.

ముసలాయన పెదాలు కదిలాయి. కొడుకు పేరు మాత్రం బయటికి రాలేదు.